అయోవా పల్లెటూళ్లో రాడాన్ పరీక్ష: ఏ ఇంటికి ఏ కిట్?

రాడాన్ అంటే నేలలోంచి ఇంట్లోకి వచ్చే, ఊపిరితిత్తుల కేన్సర్ తెచ్చే రేడియోధార్మిక వాయువు. అయోవాలో చిన్న ఊళ్లో ఇల్లు కొన్నవాళ్లు ముందుగా అడిగేది "మా ఊళ్లో రాడాన్ ఉందా" అని. ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1993లో వేసిన పటంలో అయోవాలోని 99 కౌంటీలూ జోన్ 1లోనే, అంటే ముప్పు అన్నిటికన్నా ఎక్కువున్న తరగతిలోనే ఉన్నాయి. రాష్ట్రంలో ఇళ్ల సగటు లీటరు గాలికి సుమారు 8.5 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే యూనిట్). దేశం మొత్తమ్మీద సగటు 1.3. ఇల్లు బాగుచేయించుకోమని ఈపీఏ చెప్పే హద్దు 4. అయోవాలో పదిళ్లకు ఏడు ఆ హద్దు దాటుతాయి.

కారణం నేలలోనే ఉంది. వేల ఏళ్ల కిందట ఉత్తరం నుంచి జారివచ్చిన మంచుపలకలు కెనడా వైపు గ్రానైటు రాళ్లను నూరి, ఆ పిండిని ఇక్కడ పరిచి వెళ్లాయి. మొక్కజొన్నకు ఇంత మంచి నేల దొరికిందీ అందువల్లే, ఆ నేలలోని యురేనియం, రేడియంల నుంచి పుట్టే రాడాన్ సులువుగా పైకి వస్తోందీ అందువల్లే. రాయి మెత్తగా నలిగినకొద్దీ అందులోంచి వాయువు ఎక్కువగా బయటపడుతుంది.

ఇక తేలాల్సింది మీ ఇంట్లో ఎంత ఉందన్నది. దానికి పక్కింటి రిపోర్టు పనికిరాదు. ఒకే బిల్డరు ఒకే ఏడాది కట్టిన రెండిళ్లలో ఒకదాంట్లో 2, రెండోదాంట్లో 15 వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇంటి అడుగున పోసిన కాంక్రీటు స్లాబు కింద కంకర ఎంతుంది, పగుళ్లు ఎక్కడున్నాయి, సంప్ పిట్‌కు (బేస్‌మెంట్‌లో ఊటనీరు చేరే గుంటకు) మూత ఉందా, చలికాలంలో ఇల్లు కింది నుంచి గాలిని ఎంత గట్టిగా లాగుతోంది, ఇవన్నీ ఇంటింటికీ మారతాయి. పరీక్షకు నాలుగు దారులున్నాయి. అందులో ఏది ఎంచుకోవాలన్నది ఫలితం చేతికొచ్చాక మీరు ఏం చేయబోతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఇల్లు కొనడమా మానడమా అన్నది తేలాలా, పదేళ్లుగా ఉంటున్న ఇంటి సగటు తెలియాలా, రాడాన్‌ను బయటికి తోయడానికి ఇప్పటికే పెట్టించిన ఫ్యాన్ పనిచేస్తోందో లేదో చూడాలా? ఒక్కో పనికి ఒక్కో పరికరం సరిపోతుంది.

ఏ గదిలో పెట్టాలి

కిట్ కొనేముందే ఇది తేల్చుకోండి. మనుషులు రోజూ గడిపే గదుల్లో అన్నిటికన్నా కింది అంతస్తు ఏదో అక్కడే పరీక్ష. బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్, పాత అట్టపెట్టెలు తప్ప ఏమీ లేకపోతే ఈపీఏ లెక్కలో అది నివాసం కిందికి రాదు, పై అంతస్తులో పెట్టొచ్చు. కానీ మన ఇళ్లలో బేస్‌మెంట్ అలా ఖాళీగా ఉండటం అరుదు. పిల్లల ఆటగది అక్కడే, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల టేబులూ అక్కడే, ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లుండే అమ్మానాన్నల పడకా చాలా ఇళ్లలో అక్కడే. అలాంటప్పుడు పరీక్ష బేస్‌మెంట్‌లోనే జరగాలి. ఇల్లు కొంటున్నవాళ్లయితే, రేపు ఆ బేస్‌మెంట్‌ను గదిగా మార్చుకునే ఆలోచన ఉంటే అక్కడే చేయించాలి.

వంటగది, బాత్‌రూమ్, లాండ్రీ గది వద్దు. సంప్ పిట్ పక్కన వద్దు. కిట్ నేల మీద నుంచి కనీసం 20 అంగుళాల ఎత్తులో, బయటికి తెరుచుకునే తలుపులకు, కిటికీలకు 3 అడుగుల దూరంలో, బయటి గోడకు అడుగు దూరంలో, చుట్టూ ఉన్న సామానుకు 4 అంగుళాల ఎడంలో ఉండాలి. ఫర్నేస్ గాలి వచ్చే రంధ్రం దానికి ఎదురుగా ఉండకూడదు. స్టూలు మీద పెట్టడం సులువు. బేస్‌మెంట్ సీలింగ్ నుంచి దారంతో వేలాడదీస్తే ఇంకా మంచిది, పిల్లల చేతికి అందదు.

బొగ్గు కిట్: 15 నుంచి 30 డాలర్లు, 2 నుంచి 4 రోజులు

చిన్న కవరులోనో డబ్బాలోనో యాక్టివేటెడ్ బొగ్గు ఉంటుంది. తెరిచి పెడితే గాలిలోని రాడాన్‌ను పట్టుకుంటుంది, మూసి ల్యాబ్‌కు పంపితే వాళ్లు లెక్కగడతారు. అయోవాలో చాలా కౌంటీ ఆరోగ్య కార్యాలయాల్లో తక్కువ ధరకు దొరుకుతుంది. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలోని నేషనల్ రాడాన్ ప్రోగ్రామ్ సర్వీసెస్ నుంచి పోస్టులోనూ తెప్పించుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో కొంటే పెట్టె మీద ల్యాబ్ ఫీజు కలిసుందో లేదో చదవండి. కిట్ 10 డాలర్లకు వచ్చి, పంపేటప్పుడు ఇంకో 30, 40 డాలర్లు అడిగేవి ఉన్నాయి.

ధరలోనూ వేగంలోనూ దీన్ని మించింది లేదు. పల్లెటూళ్లో చెడేది కూడా ఎక్కువగా ఇదే, అదీ పోస్టు దగ్గర. రాడాన్ అర్ధాయువు 3.8 రోజులు. మీరు కవరు మూసిన 4 రోజులకు బొగ్గులో పట్టుకున్నదాంట్లో సగం, 8 రోజులకు ముప్పాతిక పోతుంది. ల్యాబ్ ఆ తరుగును లెక్కలో సరిచేస్తుంది. కానీ మిగిలింది తక్కువైనకొద్దీ లెక్కలో తేడా పెరుగుతుంది, మరీ ఆలస్యమైతే పరీక్ష చెల్లదని ఉత్తరం వస్తుంది. గురువారం సాయంత్రం రోడ్డు పక్క మెయిల్‌బాక్స్‌లో పెట్టి జెండా ఎత్తిన కవరు శుక్రవారం బయల్దేరి, శని ఆదివారాలు ఏదో సార్టింగ్ కేంద్రంలో పడి ఉంటుంది.

అందుకే మా సలహా ఇది. శుక్రవారం ఉదయం 7కి ఇంటి కిటికీలన్నీ మూసేయండి. సాయంత్రం 7కి కిట్ తెరిచి పెట్టండి. సోమవారం ఉదయం 8కి మూసి, ఆ రోజే పోస్టాఫీసు కౌంటర్‌లో చేతికివ్వండి. 61 గంటలు అవుతుంది, 48 గంటల కనీసానికి మించి ఉంటుంది, కవరుకు వారం మొత్తం చేతిలో ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో మాత్రం క్యాలెండర్ చూసుకోండి. మార్టిన్ లూథర్ కింగ్ డే, ప్రెసిడెంట్స్ డే రెండూ సోమవారాలే, పోస్టాఫీసు ఉండదు. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాలు అసలే వద్దు.

కిటికీలు పరీక్షకు 12 గంటల ముందు నుంచి పరీక్ష ముగిసేదాకా మూసే ఉండాలి, ఇంటి మొత్తంలో, పై అంతస్తుతో సహా. ఫర్నేస్ మామూలుగా తిరగొచ్చు. మనుషులు మామూలుగా వచ్చి పోవచ్చు, తలుపు వెంటనే మూయాలి. కట్టెల ఫైర్‌ప్లేస్, బయటి గాలిని లోపలికి తెచ్చే ఫ్యాన్లు ఆపాలి. మన ఇళ్లలో పరీక్ష పాడయ్యేది పోపు దగ్గర. ఘాటు పోవాలని వంటింటి కిటికీ పది నిమిషాలు తీస్తారు, అది లెక్కను మార్చేస్తుంది. పొయ్యి మీది ఎగ్జాస్ట్ వంట చేసేంతసేపు తిరిగితే ఫరవాలేదు, గంటల తరబడి వదిలేయొద్దు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పిపెట్టండి, పొద్దున్నే కిటికీ తీసే అలవాటు వాళ్లది.

తుపాను గాలులు, గంటకు 30 మైళ్లు దాటే ఈదురు గాలులు ఉన్న వారం వాయిదా వేయండి. బొగ్గుకు తేమ కూడా శత్రువే, రాడాన్ కూర్చోవాల్సిన చోట నీరు కూర్చుంటుంది. డీహ్యూమిడిఫైయర్ రోజూ వాడేవాళ్లు పరీక్ష రోజుల్లోనూ వాడొచ్చు. ఇంకోటి: కొన్ని రకాల డబ్బాల్లో బొగ్గు చివరి రోజు గాలినే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి చివరి రాత్రి కిటికీ తెరిచారంటే పరీక్ష దాదాపు పోయినట్టే. కవరు మీద మొదలుపెట్టిన తేదీ, గంట, ముగించిన తేదీ, గంట రాయండి. అవి లేకపోతే ల్యాబ్ దగ్గర లెక్కకు ఆధారమే ఉండదు.

ఆల్ఫా ట్రాక్: 25 నుంచి 50 డాలర్లు, 3 నెలల నుంచి ఏడాది

చిన్న ప్లాస్టిక్ గిన్నెలో సీఆర్-39 అనే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. రాడాన్ నుంచి వెలువడే ఆల్ఫా కణం తగిలిన ప్రతిచోటా కంటికి కనపడని గీత పడుతుంది. ల్యాబ్‌లో దాన్ని క్షారంలో నానబెట్టి, గీతలు గుంటలుగా తేలాక మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. తేమ దీన్ని ఏమీ చేయలేదు. పడిన గీత చెరిగిపోదు కాబట్టి పోస్టు వారం ఆలస్యమైనా నష్టం లేదు. కిటికీలు మూయనక్కర్లేదు, ఇంట్లో ఎలా ఉంటారో అలాగే ఉండటమే పరీక్ష. రూరల్ రూట్ మీద, ల్యాబ్‌కు దూరంగా ఉన్నవాళ్లకు ఇంతకన్నా తగినది లేదు.

2000లో వెలువడిన అయోవా రాడాన్ ఊపిరితిత్తుల కేన్సర్ అధ్యయనం కూడా ఇళ్లలో ఏడాదిపాటు ఇలాంటి పరికరాలే పెట్టి చేసింది. ఒకే ఇంట్లో 20 ఏళ్లకు పైగా ఉన్న ఆడవాళ్లను తీసుకున్నారు. శరీరానికి తగిలేది ఏళ్ల తరబడి పీల్చిన మొత్తం, అందుకే ఏడాది సగటుకు అంత విలువ.

ఇందులో తప్పులు మతిమరపు వల్ల వస్తాయి. ముగించాల్సిన తేదీ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. ముగించాక సీలు వేయకుండా డ్రాయర్లో పడేస్తే అది లెక్కపెడుతూనే ఉంటుంది. వాడకముందు దాని రేకు కవరు చింపొద్దు, అదే కారణం. ఏడాది ఉంచలేకపోతే సగం చలికాలంలోకి, సగం కిటికీలు తెరిచే కాలంలోకి వచ్చేలా చూసుకోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా మాత్రమే పెడితే అంకె సాధారణంగా ఏడాది సగటు కన్నా పెద్దగా వస్తుంది, ఎందుకంటే వెచ్చటి గాలి పైకి పోతూ కింది నుంచి మట్టిగాలిని లాగుతుంది, చుట్టూ గడ్డకట్టిన నేల దానికి వేరే దారి ఇవ్వదు.

డిజిటల్ మీటర్: 100 నుంచి 250 డాలర్లు

ఎయిర్‌థింగ్స్, రేడాన్‌ఐ లాంటివి. ప్లగ్‌కో బ్యాటరీకో పెట్టి వదిలేస్తే అంకె కనపడుతూ ఉంటుంది. కొన్ని పది నిమిషాలకోసారి మారతాయి, కొన్ని నిలకడైన సగటు చూపడానికి వారం నుంచి నెల తీసుకుంటాయి. మొదటి రోజు అంకె చూసి ఎవరికీ ఫోన్ చేయకండి. గంట గంటకూ అంకె మారుతుంది, తెల్లవారుజామున పెరిగి మధ్యాహ్నం తగ్గడం మామూలే. సగటునే చూడాలి. ఒక గది నుంచి ఇంకో గదికి మార్చితే రీసెట్ చేయాలి, లేకపోతే పాత గది సగటు కొత్త గది సగటులో కలిసిపోతుంది. సెట్టింగులో యూనిట్ కూడా చూడండి. బెకరెల్‌లో ఉన్న మీటర్ 148 అని చూపిస్తే అది మన 4 పికోక్యూరీలే. లీటరుకు 1 పికోక్యూరీ అంటే ఘనపు మీటరుకు 37 బెకరెల్‌లు.

మొదటి పరీక్షకే ఇది కొనడం మాకు అనవసరంగా అనిపిస్తుంది. రాడాన్ ఎక్కువుందని తేలి ఫ్యాన్ పెట్టించాక దీని విలువ తెలుస్తుంది. ఫ్యాన్ ఆగిపోయిన సంగతి కిట్‌తో రెండేళ్లకు తెలిస్తే, దీంతో రెండు రోజుల్లో తెలుస్తుంది. ఇంటి అమ్మకం కాగితాల్లో మాత్రం ఇంటివాళ్లు కొన్న మీటర్ అంకె చెల్లదు.

నిపుణుడి మానిటర్: సుమారు 125 నుంచి 250 డాలర్లు, 48 గంటలు

ఇల్లు కొనేటప్పుడు ఇదే. రాష్ట్ర సర్టిఫికేషన్ ఉన్న టెస్టర్ వచ్చి, గంటకోసారి కొలిచే మానిటర్ పెట్టి, రెండు రోజుల తర్వాత తీసుకెళ్తాడు. రిపోర్టు అదే రోజు వస్తుంది. ఇన్‌స్పెక్షన్ గడువు పది రోజులే ఉన్నప్పుడు పోస్టును నమ్ముకోనక్కర్లేదు. రిపోర్టులో సగటు ఒక్కటే చూసి ఊరుకోకండి, గంటల పట్టిక అడగండి. 9, 10, 9 అని నడుస్తున్న గీత ఒక్కసారిగా 2కి పడి నాలుగు గంటలు అక్కడే ఉందంటే ఎవరో కిటికీ తెరిచారన్నమాట. చాలా మానిటర్లు కదిలించినా, కరెంటు పోయినా నమోదు చేస్తాయి. దూరపు ఊళ్లలో రాకపోకల ఖర్చు వేరుగా వేస్తారు, ముందే అడగండి. కొందరు టెస్టర్లు మానిటర్‌కు బదులు ఎలక్ట్రెట్ డబ్బాలు (లోపలి పలక మీది విద్యుదావేశం ఎంత తగ్గిందో చూసి రాడాన్‌ను లెక్కగట్టేవి) వాడతారు, ఫలితం చెల్లుతుంది గానీ గంటల పట్టిక రాదు.

అయోవాలో అమ్మేవాళ్లు తమకు తెలిసిన రాడాన్ ఫలితాన్ని డిస్‌క్లోజర్ కాగితంలో చెప్పాలి. "తెలియదు" అని రాసి ఉంటే ఇల్లు బాగుందని అర్థం కాదు, ఎవరూ కొలవలేదని అర్థం.

అంకె వచ్చాక

4 అంటే దాని కింద అంతా క్షేమమని కాదు. 2 నుంచి 4 మధ్య ఉన్నా బాగుచేయించుకునే ఆలోచన చేయమని ఈపీఏయే చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు 100 బెకరెల్‌లు, అంటే 2.7. జీవితమంతా 4 దగ్గర గడిపితే ఎప్పుడూ పొగతాగనివాళ్లలో వెయ్యికి సుమారు 7 మందికి, పొగతాగేవాళ్లలో సుమారు 62 మందికి ఊపిరితిత్తుల కేన్సర్ రావొచ్చని ఈపీఏ 2003 అంచనా. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లుంటే 3 దగ్గరే కదలండి.

బొగ్గు కిట్‌లో 8 దాటితే ఏడాది పరీక్ష కోసం ఆగొద్దు. వెంటనే ఇంకో బొగ్గు కిట్ పెట్టండి, రెండింటి సగటు 4 దాటితే కాంట్రాక్టర్‌ను పిలవండి. 4 నుంచి 8 మధ్య వస్తే తీరికుంటే ఆల్ఫా ట్రాక్, లేకపోతే ఇంకో బొగ్గు కిట్. సెప్టెంబరులో 3.6 వచ్చిందని సంబరపడకండి, అదే ఇంట్లో జనవరిలో హద్దు దాటొచ్చు. అలాంటి ఇంటికి ఆల్ఫా ట్రాక్ ఏడాదిపాటు పెట్టడమే సరైన పని.

సొంత బావి నీళ్లు వాడే ఫార్మ్ ఇళ్లలో నీటి గురించి అడుగుతారు. నీటిలో లీటరుకు 10,000 పికోక్యూరీలుంటే ఇంటి గాలిలో సుమారు 1 పెరుగుతుంది. ముందు గాలి చూడండి. గాలిలో ఎక్కువుండి, స్లాబు కింది నుంచి లాగినా తగ్గకపోతే అప్పుడు నీళ్ల పరీక్ష.

బాగుచేయించడంలో ఎంపికలు

పగుళ్లు పూడిస్తే చాలు అనే కొటేషన్ వస్తే పక్కన పెట్టండి. పూడ్చడం సాయం చేస్తుంది, ఒక్కటే అయితే నిలబడదు. ఇల్లు కుంగినప్పుడల్లా కొత్త పగులు వస్తుంది. ఎయిర్ ప్యూరిఫైయర్ రాడాన్ వాయువును తీసేయలేదు. పనిచేసేది స్లాబుకు రంధ్రం వేసి, కింద కొన్ని గ్యాలన్ల మట్టి, కంకర తీసి గుంట చేసి, 3 లేదా 4 అంగుళాల పీవీసీ పైపుతో, ఫ్యాన్‌తో కింది గాలిని పైకప్పు మీదికి తోసేసే పద్ధతి. ఖర్చు చాలా ఇళ్లలో 1,000 నుంచి 2,500 డాలర్ల మధ్య.

కొత్త ఇళ్లలో చాలాచోట్ల ఫ్యాన్ లేని పైపు ముందే ఉంటుంది. అటకలో వెతకండి, ఉంటే ఫ్యాన్ బిగించడంతో సగం ఖర్చు తప్పుతుంది. వంద ఏళ్ల ఫార్మ్‌హౌస్‌లో మట్టి నేల బేస్‌మెంటో క్రాల్ స్పేసో (ఇంటి కింద పాకుతూ వెళ్లేంత ఖాళీ) ఉంటే కనీసం 6 మిల్ (అంగుళంలో వెయ్యికి 6 వంతులు) మందం ప్లాస్టిక్ పరిచి, అంచులు గోడకు అతికించి, దాని కింది నుంచి లాగాలి. సంప్ పిట్ ఉన్న ఇంట్లో దానికి గాలి చొరని మూత పడాలి, పంపు చూసుకోవడానికి వీలుగా.

పైపు ఇంటి లోపలి నుంచి అల్మరా గుండా అటకలోకి పోవాలా, బయటి గోడ వెంట పోవాలా అన్నది అందంతో తేల్చుకునేది కాదు. కింది గాలిలో తేమ ఉంటుంది. అయోవా జనవరిలో బయటి పైపు చివర అది మంచై గడ్డకట్టి దారి మూస్తుంది, నీరు వెనక్కి ఫ్యాన్ మీదికి జారుతుంది. వీలుంటే లోపలి దారే అడగండి. ఫ్యాన్ మాత్రం అటకలోనో బయటో పైన గదులు లేని గ్యారేజీలోనో ఉండాలి, బేస్‌మెంట్‌లో ఎప్పుడూ వద్దు. ఫ్యాన్ తర్వాతి పైపులో ఒత్తిడి బయటికి ఉంటుంది, అతుకు వదిలిందంటే గాఢమైన రాడాన్ ఇంట్లోకే వస్తుంది. గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న ఇంట్లో ఫ్యాన్ బిగించాక దాని పొగ గొట్టం వెనక్కి లాగుతోందేమో కాంట్రాక్టర్ పరీక్షించాలి. ఇది కొటేషన్‌లో రాయించుకోండి.

పైపు మీద బిగించే యూ ఆకారపు గొట్టంలో రంగు నీరు ఉంటుంది. రెండు వైపులా మట్టాలు వేర్వేరు ఎత్తుల్లో ఉంటే ఫ్యాన్ లాగుతోంది. సమానంగా ఉంటే ఆగిపోయింది. బిగించిన రోజు మట్టం ఎక్కడుందో గొట్టం పక్కన మార్కర్‌తో గీయండి, బట్టలు ఉతకడానికి కిందికి వెళ్లినప్పుడల్లా ఓ చూపు వేస్తే చాలు. అది లాగుడును చూపిస్తుంది, రాడాన్ ఎంతుందో చెప్పదు. అందుకే ఫ్యాన్ ఆన్ చేసిన 24 గంటల తర్వాత, 30 రోజుల లోపు మళ్లీ బొగ్గు కిట్ పెట్టాలి. అది ఫ్యాన్ బిగించినవాళ్లు కాకుండా మీరైనా వేరే టెస్టర్ అయినా చేయాలి. ఆ తర్వాత రెండేళ్లకోసారి, బేస్‌మెంట్‌లో కొత్త గది కట్టినప్పుడు, ఫర్నేస్ మార్చినప్పుడు మళ్లీ ఒక కిట్, శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా.